పిన్నికీ నాకూ మధ్య వైరు

మా అమ్మ తమ్ముడు సింగపూరులో ఓడలు బాగుచేసే చోట వెల్డింగ్ పని చేసేవాడు. మా ఉద్దానంలో ఇంటికొకరు అలా ఎక్కడో ఒక రేవులో ఇనుము అతుకుతూనే ఉంటారు. తొంభైల చివర్లో, నేను ఏడో తరగతి పరీక్షలు రాసేసిన వేసవిలో, ఆయన నెల రోజుల సెలవు మీద వచ్చాడు. పలాస స్టేషన్లో రైలు దిగి, జీపు మీద పెట్టె వేయించుకుని, జీడితోటల మధ్య ఇసక దారంట మా ఇంటికే ముందు వచ్చాడు.

పెట్టెలో నాన్నకి చొక్కా గుడ్డ ఉంది, నాన్నమ్మకి మోకాళ్ళకి రాసుకునే తైలం ఉంది. అన్నిటికిందా తువ్వాలులో చుట్టిన రెండు గేమ్ డబ్బాలున్నాయి. తెల్లగా ఉండి వాడి వాడి పసుపు తేలినవి. ఒక్కొక్కటీ ఇటుకలో సగం ఉంటుంది. పైన ఆకుపచ్చ బూడిదరంగులో చిన్న తెర, కింద ఎడమవైపు ప్లస్ గుర్తులాంటి మీట, కుడివైపు రెండు గుండ్రటి బొత్తాలు. వాటితోపాటు రెండు మూరల వైరు ఒకటి. దాని రెండు కొసలూ రెండు డబ్బాల పక్కనున్న కన్నాల్లో దూర్చితే ఇద్దరు మనుషులు ఒకే ఆట ఆడొచ్చు.

"ఇద్దరాడితేనే మజా. ఒక్కలాడితే ఏటుంది?" అన్నాడు మావ.

పై నుంచి రకరకాల ఆకారాల దిమ్మెలు రాలుతుంటాయి. వాటిని తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చాలి. ఒక వరస నిండితే ఆ వరస మాయమైపోతుంది. వైరు తగిలించినప్పుడు ఇంకో సంగతి: నువ్వు ఒకేసారి రెండో మూడో వరసలు పోగొట్టావంటే, అవతలి మనిషి గోడ కింది నుంచి పైకి లేస్తుంది. నువ్వు దులిపేసుకున్న బరువు వైరులోంచి నడిచివెళ్ళి వాళ్ళ నెత్తికెక్కుతుందన్నమాట. గోడ తెర పైకంటా తగిలినవాళ్ళు ఓడినట్టు. ముందుగా మూడు ఆటలు గెలిచినవాళ్ళది గెలుపు. గెలిచినవాళ్ళ తెర మీద చిన్న బొమ్మ గంతులేస్తుంది, ఓడినవాళ్ళ తెర మీద బొమ్మ ఏడుస్తుంది.

ఆ నెలంతా మావతో ఆడాను. దాదాపు ప్రతిసారీ నేనే గెలిచాను. నా బొమ్మ గంతులేస్తుంటే మావ తల పట్టుకుని, "అబ్బా, సంపేసావే!" అనేవాడు. ఆయన కావాలని ఓడిపోతున్నాడని నాకు తెలుసు. అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. మా వైపు చాలామందికి వచ్చినట్టే కిడ్నీల జబ్బు వచ్చి, విశాఖపట్నం ఆసుపత్రికీ ఇంటికీ తిరిగి తిరిగి పోయింది. ఆ రోజు నుంచీ నేనెక్కడా ఓడిపోలేదు. బళ్ళో మేష్టారు తప్పు లెక్కకి కూడా సగం మార్కులేసేవారు. తొక్కుడుబిళ్ళలో నా కాలు గీత మీద పడినా ఆడపిల్లలు చూడనట్టు మొహాలు తిప్పుకునేవారు. ఏ ఆటకి వెళ్ళినా దూది మీద నడిచినట్టుండేది. ఎక్కడ అడుగేసినా గట్టి నేల తగిలేది కాదు.

నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని అప్పటికి ఎనిమిది నెలలు. పిన్నిది కంచిలి అవతల, ఒడిశా సరిహద్దుకి దగ్గర్లో ఓ చిన్న ఊరు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. పెళ్ళికి ముందు పుట్టింటి దగ్గర జీడిపప్పు బట్టీలో పనిచేసేది. జీడిసొన తగిలి తగిలి బొటనవేళ్ళు రెండూ నల్లగా కాయకట్టి ఉండేవి. ఆమె నన్ను ఏమీ అనేది కాదు, నేను ఆమెను ఏమీ అనేదాన్ని కాదు. అసలు ఏ పేరుతోనూ పిలిచేదాన్నే కాదు. ఆకలేస్తే గుమ్మంలో నిలబడి "అన్నం" అనేదాన్ని. "పెట్టు" అని కూడా అనేదాన్ని కాదు.

మావ వెళ్ళిపోయే రోజు పొద్దున్న జీపు వచ్చి నిలబడింది. నేను రెండు డబ్బాలూ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆయన నా దగ్గరికొచ్చి ఒకటి తీసుకున్నాడు. గుమ్మం పక్కన తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డ పిన్ని దగ్గరకెళ్ళి, చేతిలో పెట్టాడు.

"సెల్లీ, నానెల్లిపోతే దీనికి జోడీ ఉండదు. నువ్వు ఆడు."

"నాకేటొచ్చన్నా?" అంది పిన్ని.

"నాకు మాత్రం ఏటొచ్చు? ఆడితే అదే ఒత్తాది."

చచ్చిపోయిన అక్క స్థానంలో వచ్చిన మనిషిని చెల్లీ అని పిలవడానికి మావకెంత బలం కావాల్సి వచ్చిందో ఇప్పుడు ఊహించగలను. అప్పుడు మాత్రం నా సొమ్ము పట్టుకెళ్ళి పరాయివాళ్ళకి ఇచ్చేసినట్టు ఒళ్ళు మండింది. జీపు మలుపు తిరగ్గానే వైరు తీసుకెళ్ళి వడ్ల గాదెలో, మోచేయి దాకా దూర్చి, దాచేశాను.

ఆ తరువాత పదిరోజులు నా డబ్బాతో నేను ఒక్కదాన్నే ఆడాను. దిమ్మెలు రాలేవి, పేర్చేదాన్ని, నిండేది, అయిపోయేది. మళ్ళీ మొదలు. ఒంటరిగా ఆడే ఆటలో కోపం ఎవరి మీదకీ వెళ్ళదు.

ఒక మధ్యాహ్నం దాహమేసి పెరటి వసారాలోకి వెళ్ళాను. నాన్న ఆటో తీసుకుని కాశీబుగ్గ వెళ్ళాడు. నాన్నమ్మ లోపల నిద్రపోతోంది. పిన్ని వసారా మెట్టు మీద కూర్చుని, ఎండ తెర మీద పడేలా డబ్బాని కాస్త వంచి పట్టుకుని, ఆడుతోంది. పెదవులు కదులుతున్నాయి. దగ్గరికెళితే వినబడింది. "ఏక, దుయి, తీని, చారి..." పోయిన వరసల్ని ఒడియాలో లెక్కపెట్టుకుంటోంది. ఆమె పుట్టింటివాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ బట్టీలో లెక్కలన్నీ ఒడియాలోనట. నేను ముంత ముంచుకుని తాగుతున్నట్టు నటిస్తూ వంగి ఆమె తెర చూశాను. నేనెప్పుడూ చేరని అంకె దాటి ఉంది ఆ ఆట. దిమ్మెలు వానలా పడుతున్నాయి. ఆ నల్లటి బొటనవేళ్ళు అసలు కదులుతున్నట్టే లేవు.

గాదె దగ్గరకెళ్ళి వైరు తీశాను. వడ్లు దులిపి, వచ్చి, మెట్టు మీద ఆమెకి ఓ మూరెడు దూరంలో కూర్చున్నాను. ఒక కొస నా డబ్బాకి తగిలించి రెండో కొస ఇద్దరి మధ్యా నేల మీద పడేశాను. ఆమె తన ఆట అయ్యేదాకా ఆగి, ఆ కొస తీసుకుని, నోటితో ఒక్కసారి ఊది, తగిలించింది.

మూడు ఆటలూ వరసగా ఓడిపోయాను. మూడోది ఎంత తొందరగా పోయిందంటే, నా గోడ కింది నుంచి లేవడమే చూశాను తప్ప నేనేం చేశానో నాకే తెలీదు. నా తెర మీద బొమ్మ ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది. పిన్ని నా వైపు చూడలేదు, ఓదార్చలేదు. తెర చూసుకుంటూనే అడిగింది.

"ఇంకోటా?"

తలూపాను. అదీ ఓడిపోయాను.

ఇప్పుడు ఆ వేసవి తలుచుకుంటే ఒకే ఒక పొడుగాటి మధ్యాహ్నంలా కనిపిస్తుంది. ఆ డబ్బాల్లో దీపం ఉండేది కాదు. బయటి వెలుగు తెర మీద పడితేనే దిమ్మెలు కనిపించేవి. నేరుగా ఎండ కొడితే మళ్ళీ కళ్ళు చెదిరేవి. అందుకని మేం వెలుగు వెంట జరుగుతూ ఉండేవాళ్ళం. పొద్దున పని అయ్యాక పెరటి మెట్టు. ఎండ మెట్టెక్కితే కొబ్బరి చెట్ల కింద పరిచిన చాప. అక్కడ ఆకుల నీడలు తెర మీద ఈదుతుంటే ఏది నీడో ఏది దిమ్మో తెలిసేది కాదు. పొద్దు వాలితే వీధి అరుగు. వైరు రెండు మూరలే కాబట్టి ఒకరు జరిగితే రెండోవాళ్ళూ జరగాల్సిందే. లేచేటప్పుడు ఇద్దరం ఒకేసారి లేవాలి. లేదంటే వైరు ఊడి ఆట రెండు తెరల మీదా అలాగే బిగిసిపోతుంది. మాటలు లేకుండానే మాకు కలిసి నడవడం అలవాటైంది. మోకాలు కాస్త కదిలిస్తే ఆమెకి తెలిసేది. గట్టిగా ఊపిరి పీలిస్తే నాకు తెలిసేది.

తోటలో జీడిమామిడి పళ్ళు రాలి మగ్గిన వాసన ఊరంతా పట్టేసి ఉండేది. తూర్పున సముద్రం కనిపించదు గానీ దాని హోరు మాత్రం గోడ అవతల ఎవరో చాట చెరుగుతున్నట్టు ఆగకుండా వినబడేది. ఆ హోరులో రెండు డబ్బాల సన్నపాటి పాట. ఆ రెండు పాటలూ ఎక్కడో వెంట్రుకవాసి తేడాతో నడిచి, ఒకటి ఇంకోదాని నీడలా ఉండేవి. కళ్ళు మూసుకుంటే రెప్పల లోపల కూడా దిమ్మెలు మెల్లగా దిగేవి. కొబ్బరాకుల మధ్య ఆకాశం ముక్కలు చూసినా ఏది ఎక్కడ ఇముడుతుందా అనిపించేది.

దిమ్మెలకి పిన్ని పేర్లు పెట్టింది. నాలుగు పలకల చదరం పెట్టె. వంగినవి కొడవళ్ళు. మధ్యలో మొటిమ ఉన్నది పీట. మెలికవి వంకరమ్మలు. పొడుగ్గా నిలువుగా దిగేది సరుగుడు కర్ర. అన్నిటికన్నా దాని కోసమే ఇద్దరం ఎదురుచూసేవాళ్ళం, అది ఒక్కటే నాలుగు వరసల్ని ఒకేసారి తీసుకుపోతుంది. సరుగుడు కర్ర వచ్చినప్పుడు పిన్ని గొంతులోంచి చిన్న శబ్దం వచ్చేది, నీళ్ళలో గులకరాయి పడ్డట్టు. అది వినబడిందంటే నా గోడ లేచినట్టే.

డబ్బాకి నాలుగేసి పెన్సిల్ సెల్లులు కావాలి. సెల్లు బలహీనపడితే తెర మసకబారి, దిమ్మెలు పొగలా అయిపోయేవి. వాటిని తీసి అరుగు మీద ఎండబెట్టేవాళ్ళం, వడియాల్లాగ. ఎండ తగిలాక ఇంకో రెండు ఆటలకి ప్రాణం వచ్చేది. ఒకరోజు అవీ చచ్చిపోతే పిన్ని లేచి, గోడ గడియారం దింపి, దాని వెనకాల సెల్లు తీసి నా చేతిలో పెట్టింది. గడియారం రెండుంపావు దగ్గర ఆగిపోయింది. నాన్న వచ్చి చూసి, "ఇదేటి, టైము ఆగిపోయింది?" అన్నాడు. ఇద్దరం తెరల్లోకి తలలు దూర్చాం. చాలా రోజులు మా ఇంట్లో రెండుంపావే.

నేను రోజూ ఓడిపోతున్నాను. అయినా పొద్దున్నే ఎప్పుడు పని అవుతుందా అని చూసేదాన్ని. ఇప్పుడు అర్థమవుతుంది, నాకు నేల తగిలింది. ఒక మనిషి నన్ను జాలిపడకుండా, నా ఈడు చూడకుండా, నాకు తల్లి లేదన్న సంగతే ఎరగనట్టు, తన బలం కొద్దీ నాతో ఆడుతోంది.

ఇది నాన్నమ్మ కంట పడింది. ఒకరోజు అరుగు మీద ఓడిపోయి నేను కళ్ళు తుడుచుకుంటుంటే లోపల్నుంచి వచ్చి పిన్నిని పట్టుకుంది.

"తల్లి నేని పిల్లే అది. దానిమీదేటే నీ గెలుపు? పెద్దదానివి, ఒక్క పాలి నువ్వు ఓడిపోతే నీ సొమ్మేటి పోతాదే?"

పిన్ని తల దించుకుంది. "తప్పైపోయింది అత్తా," అంది.

మర్నాడు మెట్టు మీద కూర్చుని వైరు తగిలించుకున్నాం. మొదటి ఆట నేను గెలిచాను. రెండోదీ గెలిచాను. అప్పుడు అనుమానమొచ్చింది, ఎందుకంటే ఆ ఆటలో నేను రెండుచోట్ల పిచ్చి సందులు వదిలాను. మూడో ఆట మధ్యలో కళ్ళెత్తి పక్కకి చూశాను. సరుగుడు కర్ర దిగుతోంది ఆమె తెర మీద. ఎడమ అంచున దానికోసమే తవ్విపెట్టినట్టు లోతైన సందు ఉంది. పిన్ని దాన్ని జరిపి, కుడిపక్క గోడ మీద, ఎందుకూ కొరగాకుండా, నిలబెట్టింది. గొంతులో ఆ గులకరాయి శబ్దం లేదు.

నా తెర మీద బొమ్మ గంతులు వేయడం మొదలెట్టింది. నేను వైరు పీకి మెట్ల కింద ఇసకలోకి విసిరేశాను.

"పిన్నీ! నువ్వు సరిగ్గా ఆడు!"

ఆ పిలుపు నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆమె బెదిరిపోయి నన్ను చూసింది. వాళ్ళ పెళ్ళయ్యాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం అంత నేరుగా చూసుకోవడం అదే మొదలనుకుంటాను.

"ఏటన్నావు?"

"నువ్వు ఓడిపోతన్నావు. నాకు తెలుత్తంది. అందరూ అలాగే సేత్తారు. నువ్వు సెయ్యకు."

పిన్ని మెట్లు దిగి, ఇసకలో వైరు ఏరి, కొసలు రెండూ చీర చెంగుతో తుడిచింది. ఒకటి నాకిచ్చింది.

"అత్త అడిగితే నువ్వే సెప్పాలి మరి."

"సెప్తాను."

"ఏడుత్తావు మళ్ళీ."

"ఏడిత్తే నా ఇట్టం."

నవ్వింది. ఆ తరువాతి మూడు ఆటల్లో నన్ను నేల కరిపించింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, పిన్ని లేచి బియ్యం కడగడానికి వెళ్ళిపోయింది. నాన్నమ్మ అడిగితే ఉల్లిపాయలు తరిగానని చెప్పాను.

నేను నిజంగా గెలిచింది తొలకరి వానలు పడ్డాక, బడి తెరిచిన కొత్తలో, ఒక ఆదివారం. మూడుకి రెండు. చివరి ఆటలో ఇద్దరి గోడలూ పైకంటా లేచి ఉన్నాయి. ముందు నాకే సరుగుడు కర్ర దిగింది. పిన్ని తెర నిండిపోయింది. నేను అరుగు మీంచి దూకి వానలో తోట చివరిదాకా పరుగెత్తి వచ్చాను. వచ్చేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు చారులో ఉప్పు లేదు. నాన్న అడిగితే పిన్ని గిన్నెలు తోముతూ, "సరిపోయిందిలే," అంది. రెండు రోజులు నాతో ముభావంగానే ఉంది. ఆమె మూతి ముడుపు చూస్తుంటే ఎంత ఆనందమేసేదో చెప్పలేను. అంటే నేను గెలిచినట్టే.

వానలు తగ్గేసరికి వైరు మొండికేసింది. మా వైపు సముద్రపు గాలికి ఇనపది ఏదీ నిలవదు. కొసల్లో సన్నటి రేకులు తుప్పు పట్టాయి. పట్టుకుని ఒక పక్కకి వంచితే పనిచేసేది, వదిలితే ఆగిపోయేది. కాశీబుగ్గలో అందరూ మా వల్ల కాదన్నారు. టెక్కలిలో రేడియోలు బాగుచేసే ఆయన ఒకడున్నాడని నాన్న చెబితే, దసరా సెలవుల్లో పిన్నీ నేనూ బస్సెక్కి వెళ్ళాం. అప్పటికి ఆమెకి అయిదో నెల. బస్టాండుకి దగ్గర్లో ఇరుకు కొట్టు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి వైరు కొసని చాలాసేపు చూశాడు.

"ఇది మన కాడ దొరికే సరుకు కాదమ్మా. అతుకుదారంటే రేకే నేదు. ఎక్కడిది?"

"మా అన్న తెచ్చాడు, సింగపూరు నుంచి," అంది పిన్ని. నా మావని ఆమె మా అన్న అనడం విన్నాను.

"అయితే ఆయన్నే అడగండి మరి."

పిన్ని వైరుని చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది.

మావకి ఉత్తరం రాశాం. మళ్ళీ ఆయన వచ్చేసరికి మూడేళ్ళు పట్టింది, అప్పటికి అలాంటి వైర్లు సింగపూరు షాపుల్లోనూ దొరకడం లేదట. ఈలోగా చెల్లి పుట్టింది, పాకింది, ఒక డబ్బాని నీళ్ళ తొట్టిలో వేసింది. రెండో దానికి బొత్తాల కింద రబ్బరు పోయింది. నేను టెక్కలిలో ఇంటర్‌లో చేరాక, చెల్లిని తీసుకుని పిన్ని హాస్టల్‌కి వచ్చేది. గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చుని ముగ్గురం జీడిపప్పు ఉప్మా తినేవాళ్ళం. పిన్ని ఎప్పుడూ ఒకటే అడిగేది, "ఎవులైనా నిన్ను ఓడిత్తన్నారా?" అని. లెక్కల్లో ఓ పిల్ల ఓడిస్తోందని చెబితే, "మంచిది," అనేది.

కానీ నాకు బాగా గుర్తున్నది టెక్కలి నుంచి తిరిగొస్తున్న ఆ బస్సు. డబ్బాలు రెండూ సంచిలోనే ఉన్నాయి, బాగైతే అక్కడే చూసుకోవచ్చని తెచ్చాం. బస్సు హైవే ఎక్కాక పిన్ని ఒకటి తీసి నాకిచ్చింది, ఒకటి తాను తీసుకుంది. వైరు లేదు. ఎవరి ఆట వాళ్ళదే. ఎడమపక్క కిటికీ దగ్గర కూర్చున్నాం. పొద్దు కొండల మీదకి వాలుతోంది. వరిచేల మీంచి వచ్చిన వెలుగు చెట్ల సందుల్లోంచి తెర మీద పడేది, పోయేది, మళ్ళీ పడేది. దిమ్మెలు కనిపించినప్పుడు పేర్చేదాన్ని, కనిపించనప్పుడు ఊహించేదాన్ని.

కాసేపటికి నా భుజం మీద బరువు తగిలింది. పిన్ని నిద్రపోయింది. నోరు కాస్త తెరుచుకుంది. డబ్బా ఒళ్ళో ఉంది, ఆట ఇంకా నడుస్తోంది. ఆమె తెర మీద పెట్టె ఒకటి నెమ్మదిగా దిగుతోంది. పట్టించుకునేవాళ్ళు లేక మధ్యలో కూలబోతోంది. నేను నా డబ్బా ఆపేసి, ఆమెకి మెలకువ రాకుండా చెయ్యి చాచి, దాన్ని ఎడమ అంచుకి జరిపాను. తరువాత కొడవలి. తరువాత వంకరమ్మ. సోలిపోయిన ఆ నల్లటి బొటనవేళ్ళ పక్కనే నా వేళ్ళు పెట్టి, ఆమె ఆటని ఆమె ఆడినట్టే ఆడాలని చూశాను. అంత బాగా రాలేదు. అయినా గోడ లేవనివ్వలేదు.

కాశీబుగ్గ దగ్గర బస్సు కుదుపుకి లేచింది. తెర వైపు చూసుకుంది.

"ఇన్ని వరసలు నానే తీసానేటి?"

"సగం నాను తీసాను."

"ఎక్కడ్నించి?"

చూపించాను. పిన్ని కళ్ళు నులుముకుని, ఆ గోడని పరిశీలనగా చూసి, "ఇక్కడ సందొదిలేసావు," అంది. డబ్బా నా వేళ్ళ కిందనుంచి లాక్కుని సరిచేయడం మొదలెట్టింది. కండక్టరు పలాస, పలాస అని కేకేస్తున్నాడు. మేమింకా లేవలేదు.